ఊట కొడుకు ఎవరి కొడుకు?

ఇంకొక్క మనిషి వస్తే బండి కదులుతుంది. హమ్మాదీ నడిపే లువాజ్ టాక్సీ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, సీట్లన్నీ నిండందే గవర్నరే వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలినా తాళం చెవి తిప్పడు, నిండని బండి నడిపితే అరిష్టమని అతని తండ్రి చెప్పి పోయాడట, ఆ తండ్రి చెప్పిన మంచి మాటలేవీ గుర్తులేవు గానీ ఇదొక్కటి మాత్రం భలే గుర్తు. నజీహా కిటికీ పక్కన, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, సంచి మీద రెండు చేతులూ వేసుకుని, రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. సంచిలో గుర్తింపు కార్డు ఉంది. మధ్యాహ్నం నమాజు లోపల పట్నంలో గవర్నర్ ఆఫీసుకి చేరాలి, ఆ కార్డు బల్ల మీద పెట్టి ఫేస్‌బుక్‌లో ఊట కొడుకు పేజీ నాదేనని చెప్పాలి, చెప్పకపోతే రేపు పొద్దున్నే బోరు యంత్రం ఊట పక్కన దిగుతుంది. చెబితే ఏమవుతుందో అక్కడిదాకా ఆలోచన వెళ్ళినప్పుడల్లా వెనక్కి వచ్చేస్తోంది. ఇంట్లో పన్ను నొప్పి అని చెప్పి బయల్దేరింది. అబద్ధమాడినందుకో ఏమో నిజంగానే దవడ సన్నగా సలుపుతోంది, అత్తగారు లవంగం కూడా ఇచ్చి పంపింది, ఆ లవంగం ఇంకా నాలుక కింద మండుతూనే ఉంది, పాపం ముసలావిడ, కోడలి పన్ను గురించి ఎంత కంగారుపడిందో, ఆ కంగారంతా తను రేపటినించి ఎవరి గురించి పడుతుందో తెలియదు కదా.

ముందు సీట్లో బెష్షీర్ బాబాయ్ కూర్చున్నాడు, ఎగువపేట మనిషి, నజీహా నాన్నకి వరసకి తమ్ముడు. వెనక సీట్లో సాల్హా అత్త, దిగువపేట మనిషి, మోకాళ్ళ నొప్పులకి పట్నం ఆస్పత్రికి పోతోంది. ఇద్దరూ ఒకే బండి ఎక్కారు గానీ ఒకరినొకరు చూసుకోలేదు, చూసుకోకపోవడం కూడా ఎంత శ్రద్ధగానో, ఆయన అద్దంలోంచి వెనక్కి చూస్తే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఐన్ సుమారా ఊళ్ళో ఇది కొత్తేం కాదు. ఒక్కటే ఊట, ఒక్కటే కాలువ, కాలువకి అటు ఎగువపేట, ఇటు దిగువపేట, మధ్యలో తాతల నాటి పగ. ఆ పగకి కారణం అడిగితే ఎవరైనా ఒక్కటే చెబుతారు, వాళ్ళు నీళ్ళు దొంగిలిస్తారని. దొంగతనం ఏమీ లేదు, లెక్కలో తేడా అంతే. ఎగువపేట వాళ్ళు నీటి వంతుని సూర్యాస్తమయం నుంచి లెక్కపెడతారు, దిగువపేట వాళ్ళు తెల్లవారుజాము నుంచి. పూర్వం అడుగున చిల్లు ఉన్న కుండ వేలాడదీసి అది ఖాళీ అయితే ఒక వంతు అనేవారు, ఇప్పుడు కుండ పోయి ఫోను వచ్చింది గానీ లెక్క ఎక్కణ్ణుంచి మొదలవ్వాలన్న దగ్గర మాత్రం ఎవరూ అంగుళం కదల్లేదు. నీళ్ళివ్వరు గానీ పిల్లనిస్తారు, అదీ ఈ ఊరి విడ్డూరం. నజీహా పెళ్ళినాడు కారు కాలువ దాకా వచ్చి ఆగిపోయింది. పుట్టింటి వాళ్ళు అక్కడితో ఆగాలి, అత్తింటి వాళ్ళు ఇటు నుంచి వచ్చి అందుకోవాలి, మధ్యలో ఖర్జూరపు మొద్దు పరిచిన వంతెన ఉంది, ఆ నాలుగడుగులూ పెళ్ళికూతురు ఒక్కతే నడవాలి, ఎవరూ చెయ్యి పట్టుకోకూడదు. బంగారపు జరీ బరువు, ఎత్తు చెప్పులు, కింద పారే నీళ్ళు, అటు అమ్మ ఏడుపు, ఇటు డప్పులు. ఆ నాలుగడుగుల్లో తను ఎవరి మనిషో ఆ క్షణానికి ఎవరికీ తెలియదనిపించింది, భయం వెయ్యలేదు సరికదా నవ్వొచ్చింది, ముసుగులో ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ వంతెన మీద నిలబడే పేజీ పెట్టింది. రెండేళ్ళ కిందటి వేసవి, నీళ్ళ సీసాల కంపెనీ ఒకటి బోరు వేసి ఊట నీళ్ళు పట్టుకుపోతుందన్న పుకారు అప్పుడే లేచింది, చిన్నపిల్లల బడిలో పాఠం అయిపోయాక ఇంటికొస్తూ వంతెన మీద ఆగి చూస్తే, చిన్నప్పుడు నడుము దాకా మునిగిన చోట రాయి బయటపడి ఎండుతోంది. ఆ రాయిని ఫోటో తీసింది. ఏ గట్టు మీదనుంచి తీసినా ఇది ఫలానా పేట వాళ్ళ పని అంటారు, మధ్యలోంచి తీసింది కాబట్టి ఎటూ చెప్పలేకపోయారు. పేరు దగ్గర మాత్రం చాలాసేపు తటపటాయించింది. తన పేరు పెడితే ఎగువపేట పిల్ల దిగువపేటలో కూచుని పుల్లలు పెడుతోందంటారు, ఆడదాని పేరు పెడితే అసలు చదవనే చదవరు, చివరికి ఊట కొడుకు అని పెట్టింది, పెట్టి తనే నవ్వుకుంది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు, ఎందుకంటే ఊరంతా ఆ కొడుకుని నెత్తిన పెట్టుకుంది. పొద్దున లేచి రొట్టెతో పాటు ఊట కొడుకు ఏమన్నాడని అడగడం అలవాటైపోయింది. ఊట కొడుకు సంతకాలు పెట్టమంటే పెట్టారు, అందరూ ఒకే రోజు ఖాళీ బిందెల ఫోటోలు పెట్టమంటే ఆ రోజు ఫేస్‌బుక్ నిండా బిందెలే, ఫ్రాన్సులో ఇటుకలు మోసే మనవాళ్ళు కూడా ఎక్కడెక్కడో దొరికిన బిందెలు, బకెట్లు, ఒకడైతే పూలకుండీ పెట్టి ఫోటో తీసి పంపాడు. ఎగువపేట వాళ్ళు వాడు మావాడే అనుకున్నారు, అంత తెగువ ఇంకెవరికుంటుందని. దిగువపేట వాళ్ళు మావాడే అనుకున్నారు, అంత తెలివి ఇంకెవరికుంటుందని. ఒకే మనిషి మాటకి రెండు పేటలూ తలూపాయంటే కారణం ఒక్కటే, ఆ మనిషి ఎవరో తెలియకపోవడం.

అత్తగారు మబ్రూకాకి చదువు రాదు, అయినా రోజూ సాయంత్రం టీ కాస్తూ కోడలి చేత ఆ పేజీ చదివించుకుంటుంది. తను రాసినదాన్ని తనే గట్టిగా చదివి వినిపించి, మధ్యలో ఆవిడ శభాష్ అంటుంటే తలవంచుకుని కప్పులు కడుక్కోవడం, లోకంలో ఇంకే రచయితకైనా ఇలాంటి భాగ్యం పట్టి ఉంటుందా. అలాంటి కొడుకుని కన్న కడుపు చల్లగా ఉండాలి, మా లజ్‌హర్‌కి అందులో సగం తెలివున్నా చాలునని ఆవిడ నిట్టూర్చేది, లజ్‌హర్ ఖర్జూరపు చెట్టు దిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, అవునవును, నాకు తెలివి లేదు కాబట్టే నీ టీ తాగుతున్నాను అనేవాడు. ఆ మాటకి నజీహా నవ్వేది గానీ లోపల ఒక పక్క గుచ్చుకునేది. మొగుడి దగ్గర రెండేళ్ళు దాచిన రహస్యం చిన్నది కాదు. దాచింది భయంతో కాదు, అతను ఊట దగ్గర బోరు దిగకుండా కాసే దిగువపేట కాపలా బృందంలో ముందుండేవాడు, పేజీ ఎగువపేటలో పుట్టిన ఆడదానిదని తెలిస్తే స్నేహితుల ముందు ఏ ముఖం పెట్టుకుంటాడోనని. భయం కాదట, అలా అని తనకి తనే చెప్పుకుంది, కిటికీ అద్దంలో తన ముఖం తనని నమ్మనట్టే చూసింది.

పదిరోజుల కిందట కంపెనీ తరఫున ఇంకో పేజీ పుట్టింది. అందులో ఒక్కటే ప్రశ్న, రోజూ అదే, పెద్ద అక్షరాల్లో, నువ్వు ఎవరి కొడుకువి? మర్నాడు ఇంకో ముక్క, వీడు ఎగువపేట వాడు, దిగువపేట వాళ్ళని వాడుకుంటున్నాడు. ఆ మర్నాడు అదే పేజీలో తిరగేసి, వీడు దిగువపేట వాడు, ఎగువపేట నీళ్ళకి ఎసరు పెడుతున్నాడు. సిగ్గు లేదు, రెండూ ఒకే పేజీలో, అయినా ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకుని నమ్మారు. కాపలా దగ్గర జనం పలచబడ్డారు. ఎగువపేట పెద్దలు మావాడైతే ఉంటాం లేకపోతే లేచిపోతాం అన్నారు, దిగువపేట పెద్దలు సరిగ్గా అదే మాట, ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నట్టు. సందు దొరికింది కదాని గవర్నర్ ఆఫీసు నిన్న కబురు పెట్టింది, ఆ పేజీ మనిషి సొంత పేరుతో, కార్డుతో రేపు మధ్యాహ్నం లోపల వస్తే, రెండు పేటల పెద్దలూ అతని వెనక ఉన్నామంటే, బోరు అనుమతి రద్దు చేస్తాం, రాకపోతే ఇదంతా బయటివాళ్ళ పన్నాగమని రాసుకుని యంత్రాన్ని దింపుతాం. తెలివైన షరతు. పేరు చెప్పకపోతే ఊట పోతుంది, పేరు చెబితే ఊరు రెండుగా చీలి ఊట పోతుంది. రాత్రంతా నజీహా దీన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది, లజ్‌హర్ గురక పెడుతున్నాడు, ఎటు తిప్పినా తనే దొరుకుతోంది.

నిజార్ వచ్చాడు. దిగువపేట కుర్రాడు, పెళ్ళై ఏడాది కాలేదు, చేతిలో నూనె కారుతున్న మ్లావీ రొట్టె, ఆలస్యమైనందుకు ఎవరికీ సారీ చెప్పకుండా ఆఖరి సీట్లో కూలబడ్డాడు. హమ్మాదీ బిస్మిల్లా అని తాళం తిప్పాడు. బండి కదిలిన మాట నిజమేనని నజీహా ఖర్జూరపు చెట్లు వెనక్కి పోవడం చూసి నమ్మింది. తోటలు, తోటల గోడల మీద కంచెలా గుచ్చిన ఎండు ఖర్జూరపు మట్టలు, బడి, తన బడే, పిల్లలు ఈ వేళ ఇంకో టీచరు దగ్గర రంగులు వేస్తుంటారు, ఊట దగ్గర కాపలా పందిరి, పందిరి కింద ఎవరూ లేరు, ఒక్క ముసలాయన టీ గిన్నె ముందు కునుకుతున్నాడు. మొన్న అదే పందిరి కింద ఎంత జనం, కంపెనీ లారీ మొదటిసారి వచ్చిన రోజు, రెండు పేటల వాళ్ళూ భుజం భుజం తగిలేలా రోడ్డు మీద కూర్చున్నారు, డ్రైవరు హారను కొట్టీ కొట్టీ విసిగి దిగొచ్చి టీ అడిగాడు, ఇచ్చారు, తాగి లారీ వెనక్కి తిప్పుకుపోయాడు. ఆ రోజు నజీహా జనంలో నిలబడి, తన పిల్లని చంకనెత్తుకుని, ఎవరికీ తెలియకుండా సంతోషపడింది. ఇంత జనాన్ని నేను కూర్చోబెట్టానా అనుకుంది. గర్వం తప్పేమీ కాదు. ఆ గర్వమే లేకపోతే ఈవేళ ఈ బండి ఎక్కేది కాదు.

మాట ఎవరు మొదలుపెట్టారో, బెష్షీర్ బాబాయే అనుకుంటా, ఇవాళ మా కుర్రాడు గవర్నర్ ముందు నిలబడతాడు, నేను కళ్ళారా చూడాలని పోతున్నాను అన్నాడు. మా కుర్రాడు అన్న మాట వెనక సీటు దాకా పాకి సాల్హా అత్త మోకాళ్ళు పట్టుకుంది. మీ కుర్రాడేమిటి అని ఆవిడ. మొన్నటి కాపలా కబురు చదవలేదా, వంతు సూర్యాస్తమయం నుంచి అని రాశాడు, సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టేది ఎవరు అని ఈయన. నజీహాకి గుర్తొచ్చింది. నిజమే, అలా రాసింది. కాపలాకి వంతులు వేస్తూ, ఆ రోజు పిల్లకి జ్వరం, ఒక చేత్తో తడిగుడ్డ వేస్తూ ఇంకో చేత్తో రాసింది, చెయ్యి పుట్టింటి లెక్కలోకి జారిపోయింది. దిగువపేటలో పాలు తాగే పిల్లాడు కూడా వంతుని సూర్యాస్తమయం నుంచి మొదలుపెట్టడు.

"అదే కబురు కింద దాకా చదివావా బెష్షీర్?" అంది సాల్హా అత్త. "కాపలాకి వచ్చేవాళ్ళు ఎర్రగుడ్డలో చుట్టిన రొట్టె తెచ్చుకోండి అని లేదూ? ఎర్రగుడ్డలో రొట్టె చుట్టేది మా దిగువపేటలోనే గానీ మీ ఎగువపేటలో ఎవరైనా చుడతారా? మీరు ఖర్జూరాలు జేబులో పోసుకుని పోతారు, మేకల్లాగా."

బండంతా నవ్వింది. నజీహా మాత్రం సంచి ఇంకా దగ్గరికి లాక్కుంది, ఎందుకంటే ఎర్రగుడ్డ సంగతి తనకి పుట్టింట్లో తెలియదు, పెళ్ళైన మూడోనాడు మబ్రూకా చెయ్యి పట్టి నేర్పింది, ఇలా మడవాలి, ముడి పైకి ఉండాలి, పొలానికి పోయే మగవాడికి ఎర్రగుడ్డ దూరం నుంచి కనబడుతుందని. ఒకే కబురులో రెండు ఇళ్ళు కలిపేసింది. తనకి తెలియకుండానే సగం అమ్మ గొంతుతోనూ సగం అత్తగారి గొంతుతోనూ రాసింది. మావాడంటే మావాడని వాళ్ళిద్దరూ ఇంకా కీచులాడుకుంటూనే ఉన్నారు, బాబాయ్ అద్దంలోంచి, అత్త వెనకనుంచి, మొదటిసారిగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ. హమ్మాదీ గేరు మారుస్తూ తాపీగా అన్నాడు, లెక్క ఎగువపేటది, రొట్టె దిగువపేటది, అయితే వాడు కొడుకు కాదు, ఎవరింటి కోడలో అయ్యుంటుంది. మళ్ళీ నవ్వారు. కానీ ఆ నవ్వు మధ్యలోనే తగ్గిపోయింది, ఎందుకంటే ఆ మాట నిజంలా వినిపించింది, పైగా మగవాడెవడైనా రొట్టెకి ఏ గుడ్డ చుట్టాలో ఎప్పుడైనా పట్టించుకున్నాడా.

"కోడలైతే మాత్రం నేనింక కాపలాకి రాను," అన్నాడు నిజార్ వేళ్ళు నాకుతూ. "రెండేళ్ళు ఒక ఆడదాని మాట మీద ఎండలో కూర్చున్నామంటే పక్క ఊళ్ళో తలెత్తుకోగలమా? పైగా ఎగువపేట నుంచి వచ్చినది. అది ఎవరి పక్షమని నమ్మాలి?"

ఇదిగో, ఇదే, రాత్రంతా తను భయపడింది ఈ మాటకే, గవర్నర్ ఆఫీసు దాకా పోకుండా బండిలోనే వచ్చేసింది. ఎవరి పక్షం. పుట్టింటికి పోతే మీ దిగువపేట వాళ్ళు అంటారు, అత్తింట్లో మీ ఎగువపేట వాళ్ళు అంటారు, ఎనిమిదేళ్ళుగా రెండు చోట్లా తను మీ వాళ్ళే, ఎక్కడా మా మనిషి కాదు. ఇద్దరి మాటా మోస్తుంది, ఇద్దరి తిట్లూ వింటుంది. ఏడుపు రావలసిన చోట నజీహాకి కోపం వచ్చింది, వచ్చిన కోపం చాలా హాయిగా ఉంది. అప్పుడు బెష్షీర్ బాబాయ్ ఎవరితోనూ కాదన్నట్టు, అద్దం ముందు ఊగే తావళం వైపు చూస్తూ అన్నాడు.

"మా హయాత్‌ని మీ దిగువపేటకే ఇచ్చాను. నీటి తగాదా వచ్చినప్పటినుంచీ దాని ఇంట్లో కాఫీ తాగలేదు. గుమ్మం దాకా పోతాను, మనవణ్ణి ముద్దు పెట్టుకుని వచ్చేస్తాను. అది కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంటుంది."

 నజీహాకి హయాత్ కనబడింది, కప్పు పట్టుకుని. తన పిన్ని కనబడింది, దిగువ నుంచి ఎగువకి వచ్చినది, పెళ్ళిళ్ళలో ఏ వైపు పాట పాడాలో తెలియక చప్పట్లు మాత్రం కొట్టేది. పక్కింటి రిమ్, బడిలో వంటమనిషి తూనిస్, ఎటు చూసినా ఆ ఖర్జూరపు మొద్దు వంతెన దాటినవాళ్ళే, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, ప్రతి ఇంట్లో ఒకరు, కొన్ని ఇళ్ళల్లో ముగ్గురు. ఇన్నాళ్ళూ తను ఒక్కతే మధ్యలో ఉన్నాననుకుంది. ఒక్కతేమిటి, మధ్యలోనే ఒక పేట ఉంది, దానికి పేరు లేదంతే. రెండేళ్ళుగా ముఖం దాచుకుని రెండు పేటల్ని కలపాలని చూసింది, దాచుకోబట్టే ఎవడో వచ్చి నువ్వు ఎవరి కొడుకువని అడిగితే నోరు పెగల్లేదు. కొడుకు అయితే ఒక తండ్రిని చూపించాలి, ఒక పేటని చూపించాలి. కూతురూ కోడలూ అయినదానికి ఆ ఇబ్బంది లేదు, దానికి రెండిళ్ళున్నాయి, బోలెడంత చోటుంది. ఈ సంగతి ఇంత తేలిగ్గా ఉందేమిటని ఆశ్చర్యపోతూనే సంచిలోంచి ఫోను తీసింది. ఉప్పు మైదానం దగ్గర పడుతోంది, అది మొదలైతే సిగ్నలు ఉండదు, అటు ఒడ్డున పట్నం పొలిమేరలో గానీ మళ్ళీ రాదు. తప్పులు పడ్డాయి, దిద్దుతూ కూర్చోలేదు.

ఊట కొడుకు కొడుకు కాదు, నేను నజీహాని, పుట్టిల్లు ఎగువపేట, మెట్టినిల్లు దిగువపేట, ఊట నాకు రెండు వైపుల నుంచీ కావాలి, నాలాగే కాలువ దాటినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనడుగుతున్నాను, మీ పేరు చెప్పండి, రెండిళ్ళ పేర్లూ చెప్పండి. రాసింది ఇంతే. తన ఫోటో ఒకటి పెట్టింది, అద్దంలో తీసుకున్నది, వంకరగా ఉంది, పోనీలే. నొక్కింది. చిన్న చక్రం తిరగడం మొదలైంది, తిరుగుతోంది, తిరుగుతోంది, రోడ్డు మలుపు తిరిగింది, కుడి ఎడమల తెల్లటి ఉప్పు పరుచుకుంది, సిగ్నలు గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, చక్రం అలాగే ఆగింది. వెళ్ళిందో లేదో తెలియదు.

ఉప్పు మీద ఎండ కళ్ళు మూయించేలా ఉంది. మూసుకుంది. వెళ్ళకపోతే బాగుండునని ఒక్క క్షణం, వెళ్ళకపోతే అటు ఒడ్డున చెరిపేసుకోవచ్చు, పన్ను పీకించుకుని ఇంటికి పోవచ్చు, సాయంత్రం టీ దగ్గర ఊట కొడుకు రాలేదట పాపమని చదివి వినిపించవచ్చు. ఆ క్షణం దాటిపోయింది, అది దాటిపోయాక మాత్రం ఎంత తేలికగా ఉందో, రెండేళ్ళుగా నెత్తిమీద ఎవరిదో బుట్ట మోస్తూ తిరిగి దించుకున్నట్టుంది. వెళ్ళి ఉంటే ఈపాటికి లజ్‌హర్ చూసి ఉంటాడు, చెట్టు మీద ఉండి చూసి ఉంటే పట్టు వదిలేస్తాడేమో, దేవుడా, నడుముకి తాడు కట్టుకున్నాడో లేదో, ఎప్పుడూ కట్టుకోడు. నాన్న చూడడు, అమ్మకి ఎవరో చెబుతారు, అమ్మ చెంప మీద చెయ్యి వేసుకుని తర్వాత నెమ్మదిగా నవ్వుతుంది, చిన్నప్పుడు గోడెక్కి దూకితే అలాగే నవ్వేది. కంపెనీ పేజీ వాడు ఇక ఏమని అడుగుతాడు, అడగడానికి ఏం మిగిలింది, అన్నీ నేనే చెప్పేశాను కదరా అబ్బాయ్. కళ్ళు తెరిస్తే ఉప్పు మధ్యలో ఎక్కడో నీళ్ళు మెరిశాయి, నీళ్ళు కావని తెలుసు, అయినా చూడటానికి బాగుంది. చుట్టూ వాళ్ళు ఇంకా ఊట కొడుకు గురించే మాట్లాడుకుంటున్నారు, పట్నంలో చదువుకున్నవాడై ఉంటాడని హమ్మాదీ, కోడలు కాదులే, అత్త అయ్యుంటుందని సాల్హా అత్త, ఈ బండిలో ఒక్క తనకే నిజం తెలుసు, ఆ నిజం తన ఒళ్ళో నల్లటి అద్దం కింద పడుకుని ఉంది, పాడాలనిపించింది, పెళ్ళిలో ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ వేసే కేక ఒకటి వేయాలనిపించింది, పంటి నొప్పి మనిషి కాబట్టి ఊరుకుంది.

అటు ఒడ్డు రాగానే మొదట హమ్మాదీ ఫోను మోగింది. తర్వాత సాల్హా అత్తది, తర్వాత నిజార్‌ది, తర్వాత బండిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా, కోళ్ళగూట్లో పిల్లి దూరినట్టు. వెళ్ళింది. సిగ్నలు పోయే ముందు చివరి గీత మీద ఎక్కి వెళ్ళిపోయింది. హమ్మాదీ ఒక చేత్తో ఫోను ఎత్తి చూసి బండి రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు, నిండు బండిని దారిలో ఆపడం అతని జన్మలో అదే మొదటిసారి. అద్దంలోంచి చూశాడు. అందరూ వెనక్కీ పక్కకీ తిరిగి చూశారు.  నజీహా అప్పటికే తల వంచి చదువుకుంటోంది, వేలు కిందికి జరుపుతున్న కొద్దీ పేర్లు, ఆగవు, అయిపోవు. రిమ్, పుట్టిల్లు దిగువ, మెట్టినిల్లు ఎగువ. తూనిస్, పుట్టిల్లు ఎగువ, మెట్టినిల్లు దిగువ, వంట చేసేది రెండు పేటల పిల్లలకీ. పిన్ని, ఫోను సరిగ్గా పట్టుకోవడం రానిది, తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రెండుసార్లు. హయాత్, బెష్షీర్ కూతురిని, కాఫీ పొయ్యి మీద ఉంది. బెష్షీర్ బాబాయ్ అది చదివి కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు, తుడిచి మళ్ళీ చదివాడు, మళ్ళీ తుడిచాడు. నిజార్ ఫోను వైపు చూస్తూ ఎర్రబడ్డాడు, సాల్హా అత్త లాక్కుని బండంతా వినేలా చదివింది, సబ్రీన్, పుట్టిల్లు ఎగువపేట, మెట్టినిల్లు దిగువపేట, నిజార్ భార్యని, నజీహా ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను, మా ఆయన కూడా కూర్చుంటాడు.

"కూర్చుంటావుటరా?" అంది సాల్హా అత్త.

"కూర్చోక చస్తానా," అన్నాడు నిజార్. "రాత్రికి ఇంటికి పోవద్దూ?"

లజ్‌హర్ కూడా రాశాడు, అందరూ చూసేలా, ఈమె నా భార్య, పన్ను నొప్పని చెప్పి వెళ్ళింది, ఆ అబద్ధం సంగతి ఇంటికొచ్చాక మాట్లాడుకుంటాం, ఈ నిజం దగ్గర మాత్రం ముందు వరసలో నేనున్నాను, చెట్టు దిగే రాస్తున్నాను కంగారుపడకు. నజీహా ఆ ముక్క మూడుసార్లు చదివింది, అక్షరాలు తడిగా కనబడటం మొదలయ్యాక ఆపింది. దాని కింద మబ్రూకా గొంతు, ఎవరి చేతో రికార్డు చేయించి పెట్టించింది, వెనక మేక అరుపు కూడా వినబడుతోంది. "నేను మబ్రూకాని. నాకు రాయడం రాదు. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ దిగువే, కానీ మా అమ్మ ఎగువ నుంచి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడదని మా నాన్న ఒట్టు పెట్టించాడు, ఆమె పోయాక కూడా ఎత్తలేదు. ఆమె పేరు మర్యమ్. ఎగువపేట మర్యమ్. రాసుకోండి."  కోడల్ని రోజూ మీ ఎగువపేట వాళ్ళు అని దెప్పే మనిషి. నజీహా ఏడ్చింది, దాచుకోలేదు, సంతోషం ఇంత బరువుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు తనకి.

గవర్నర్ ఆఫీసు హాల్లో ఎగువపేట పెద్దలు ఒక గోడ వైపు, దిగువపేట పెద్దలు ఎదుటి గోడ వైపు కూర్చున్నారు, చేతుల్లో ఫోన్లు, ముఖాల్లో ఏదో తప్పు చేసి దొరికిన పిల్లల వాలకం, అందరి కూతుళ్ళూ కోడళ్ళూ అందరికంటే ముందే మాట్లాడేశారు మరి. హమ్మాదీతో సహా బండిలో వాళ్ళంతా నజీహా వెనకే లోపలికి వచ్చారు, సాల్హా అత్తకి మోకాళ్ళ సంగతే గుర్తు లేదు. బల్ల వెనక అధికారి తల ఎత్తి, ఎవరమ్మా, ఆ ఊట కొడుకు రాలేదా అన్నాడు. నజీహా కార్డు బల్ల మీద పెట్టింది.  అతను కార్డు చూశాడు, ఆమెని చూశాడు, కార్డు తిప్పి చూశాడు, చివరికి అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆయుధం బయటికి తీశాడు, అయితే మీది ఏ పేట అని అడిగాడు.

"మా పేట ఆడపడుచు," అన్నాడు బెష్షీర్ బాబాయ్.

"మా పేట కోడలు," అన్నాడు నిజార్, ఆయనకంటే గట్టిగా. మేం కన్నామని ఒక గోడ అంది, మేం తెచ్చుకున్నామని ఎదుటి గోడ లేచింది, ఆవిడ రాసిన లెక్క మాది అని ఒకరు, కట్టిన రొట్టె మాది అని ఇంకొకరు, క్షణంలో హాలు సంతలా అయిపోయింది, ఐన్ సుమారా పుట్టినప్పటినుంచీ రెండు పేటలూ ఇంత ప్రేమగా ఎప్పుడూ కొట్లాడుకోలేదు. అధికారి బల్ల మీద కొట్టాడు, ఎవరూ వినలేదు, మళ్ళీ కొట్టాడు, ముందు మీరు ఏదో ఒకటి తేల్చుకురండి, అప్పుడు చూద్దాం అన్నాడు.

నజీహా కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. వెనక గోల అలాగే ఉంది, దాన్ని ఆపడానికి ఆమె ప్రయత్నించలేదు, ఆ గోల ఎంత కమ్మగా ఉందో ఆమెకొక్కదానికే తెలుసు.

"తేలదండీ," అంది. "వాళ్ళు నా కోసం కొట్టుకుంటూనే ఉంటారు. రెండు పేటలూ నా వెనకే ఉన్నాయి కదా, మీరు బోరు రద్దు కాగితం మీద సంతకం పెట్టండి."

అతను పెట్టాడు.